దవడ కీలు: దాని బాధలు, ఉపశమన మార్గములు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గుండెను గూర్చియు, కంటిని గూర్చియు గ్రంథములు పెక్కు కలవు. మోకాలి నొప్పిని గూర్చి రచ్చబండ మీద ప్రతిదినము ప్రసంగములు జరుగుచునే యుండును. కాని పుట్టిననాటి మొదటి ఏడ్పుతో పని ఆరంభించి, కడపటి మాట వరకు విశ్రాంతి యెరుగని యొక కీలును గూర్చి తలచువారు అరుదు. అది దవడ కీలు. మాటకు, నవ్వునకు, ముద్దకు, ఆవులింతకు అదియే ఆధారము. అది సుఖముగా నున్నంత కాలము దాని ఉనికియే తెలియదు. అది మొరాయించిన నాడు ఎదుట నిండు విస్తరి యున్నను ముద్ద నోటికి పోదు.

ఒక గృహిణి సంగతి ఉదాహరణముగా ఊహింపవచ్చును. ఉదయము లేచునప్పటికి ఆమెకు చెంపలు బిగిసి యుండును. చెవి ముందర సలుపు. చెవిపోటు కాబోలునని చెవిలో నూనె పోయించుకొనును, తగ్గదు. తలనొప్పి యని మాత్రలు మ్రింగును. పూట గడచునే కాని బాధ పోదు. కడకు ఇది పంటినొప్పియే యని నిశ్చయించుకొని వెనుక పన్నొకటి తీయించుకొనును. పది దినములకు నొప్పి మరల యథాస్థానమునకు వచ్చును. అంతట రెండవ పన్నును తీయించుకొనును. పళ్లు పోయినవి; నొప్పి పోలేదు. దోషము చెవిలో లేదు, పంటిలో లేదు. ఆ రెంటికి నడుమ నున్న కీలులోను, దానిని నడుపు కండరములలోను గలదు. ఈ విషయము ముందే తెలిసియుండినచో రెండు మంచి పళ్లు దక్కియుండెడివి. తీసిన పన్నును తిరిగి మొలిపించు వైద్యుడు లేడు గనుక, తెలిసికొనుట ముందు, చికిత్స తరువాత జరుగవలెను.

కీలు నిర్మాణము

చూపుడువ్రేలిని చెవి రంధ్రమునకు కొంచెము ముందర ఆనించి, నోరు మెల్లగా తెరచి మూసినచో, వ్రేలి క్రింద ఒక గుబ్బ కదలుట తెలియును. అది క్రింది దవడ యెముక యొక్క పై కొన. ఆ గుబ్బ కణత యెముక అడుగుననున్న చిన్న గుంటలో ఇమిడి యుండును. ఎముకకు ఎముక రాచుకొనకుండ రెంటి నడుమ మెత్తనిదియు గట్టిదియు నగు ఒక పలుచని బిళ్ళ కలదు. చుట్టును సంచివంటి పొర, దానిలో కందెనవలె పనిచేయు ద్రవము ఉండును.

మోచేయి ప్రధానముగా తలుపు బందువలె తిరుగును. దవడ కీలు బందువలె తిరుగుటయే కాక, నోరు పెద్దగా తెరచినప్పుడు సొరుగువలె ముందుకు కూడ జారును. అంతేకాదు. కుడి కీలు, ఎడమ కీలు వేరువేరుగ నున్నను, రెండును ఒకే యెముకకు చెందినవి. ఒకే కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి కుంటినచో రెండవదానికిని శ్రమయే కదా! కావుననే ఒక ప్రక్కన పుట్టిన లోపము కొంతకాలమునకు రెండవ ప్రక్కను గూడ బాధించుట కలదు.

ఈ కీలును నడుపునవి నములు కండరములు. పళ్లు గట్టిగా బిగించి చెంపపై చేయి వేసినచో ఒక కండరము ఉబ్బుట తెలియును. కణతపై చేయి వేసినచో రెండవది తెలియును. మరి రెండు జతలు దవడ లోపలి వైపున నుండును. కణత కండరము అలసినప్పుడు కలుగు నొప్పిని సామాన్యముగా తలనొప్పి యనియే భావింతురు. చెవికి అతి సమీపమున నుండుటచే కీలునొప్పి చెవిపోటువలె తోచును. నొప్పి పుట్టినచోటు ఒకటి, తోచుచోటు మరియొకటి యగుటయే ఈ వ్యాధిలోని చిక్కు.

బాధల స్వరూపము

ఈ బాధలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది కండరముల నొప్పి. అధికముగా కనబడునది ఇదియే. ఉదయమున గాని, చాలసేపు నమిలిన పిమ్మట గాని చెంపలు, కణతలు బరువెక్కి నొచ్చును. రెండవది కీలులోని బిళ్ళ స్థానము తప్పుట. బిళ్ళ ముందుకు జారినప్పుడు, నోరు తెరవగా గుబ్బ దానిపైకి ఎక్కుచు "టక్కు"మని చప్పుడు చేయును. ఒక్కొక్కప్పుడు బిళ్ళ అడ్డుపడి నోరు సగమే తెరచుకొనును. మూడవది కీలు అరుగుట, వాచుట. ఇది వృద్ధాప్యమునను, కీళ్లవాతము గలవారికిని కలుగవచ్చును. అప్పుడు కీలులో ఇసుక రాచినట్లు గరగర శబ్దము వినబడును.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలసి యున్నది. నొప్పి లేక, నోరు చక్కగా తెరచుకొనుచు, కేవలము "టక్కు"మను చప్పుడు మాత్రమే యున్నచో, అది వ్యాధిగా నెంచి భయపడనక్కరలేదు. అట్టి చప్పుడు ఆరోగ్యవంతులలో చాలమందికి కలదు. దానికి చికిత్సయు అవసరము లేదు.

నోరు సరిగా తెరచుకొనుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన కొలత యొకటి కలదు. చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లు మూడింటిని చేర్చి నిలువుగా ముందు పళ్ల నడుమ పెట్టినచో సామాన్యముగా పట్టవలెను. ఇది పెద్దవారికి సుమారు 40 మిల్లీమీటర్లు, లేక అంతకు కొంచెము హెచ్చు. రెండు వ్రేళ్లే పట్టుచున్నచో వైద్యునికి చూపుట మంచిది.

కారణములు

పైపళ్లు, క్రిందిపళ్లు ఎల్లప్పుడు కలిసి యుండవలెనని పలువురి యభిప్రాయము. అది పొరపాటు. విశ్రాంతిగా నున్నప్పుడు రెండు వరుసల నడుమ 2 మొదలు 4 మిల్లీమీటర్ల యెడముండుట ప్రకృతి ధర్మము. నమలునప్పుడు, మ్రింగునప్పుడు మాత్రమే పళ్లు తాకును. ఆ తాకిడి కాలమంతయు కూడినను దినమునకు సుమారు 20 నిమిషములే యని ప్రసిద్ధమైన అంచనా. కాని దిగులుతోనో, కోపముతోనో, పనిలో లీనమయ్యో కొందరు గంటల తరబడి పళ్లు బిగించి యుందురు. పిడికిలి గంటసేపు బిగించినచో చేయి నొచ్చును. దవడ మాత్రము నొవ్వక యుండునా?

కొందరు నిద్రలో పళ్లు కొరుకుదురు. కడుపులో పురుగులున్నందున పళ్లు కొరుకుదురని గ్రామములలో నొక నమ్మకము కలదు. నులిపురుగులున్నచో వానికి మందు ఈయవలసినదే. కాని పళ్లు కొరుకువారికందరకు పురుగులే కారణమనుట సరికాదు. నిద్ర కలతపడుట, మానసికమైన ఒత్తిడి, పొగాకు, సారాయి, అతిగా కాఫీ త్రాగుట మొదలగువానితో దీనికి సంబంధము కలదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

దెబ్బ తగులుట మరియొక కారణము. చిన్న అలవాట్లును కీలును అలయించును: గోళ్లు కొరుకుట, దారము పంటితో త్రెంచుట, సీసా మూత పంటితో తీయుట, వక్క నిరంతరము నములుట. గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో గూడ ఒక యలవాటు కానవచ్చును. దవడను అరచేతిపై ఆనించి గంటలకొలది చదువుట. పుస్తకము తలకెక్కుచుండగా తల బరువంతయు కీలుపై పడుచుండును. తల నిటారుగా నుంచి, పుస్తకమును కంటి యెత్తునకు తెచ్చుకొని చదువుట మెడకును దవడకును మేలు.

ఈ బాధ 20 మొదలు 40 సంవత్సరముల నడిమి వయస్సున అధికముగా కనబడును. పురుషులలోకంటె స్త్రీలలో హెచ్చు. అయినను ఇది మెజారిటీ రోగులలో నానాటికి ముదురు వ్యాధి కాదు. పెక్కుమందికి వారములలోనో, నెలలలోనో సామాన్యమైన జాగ్రత్తలతోనే శాంతించును.

చరిత్ర నేర్పిన పాఠము

దవడ తొలగుట ప్రాచీనులకు తెలియని విషయము కాదు. క్రీ.పూ. 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడిన ఎడ్విన్ స్మిత్ పత్రములో తొలగిన దవడను వ్రేళ్లతో యథాస్థానమునకు తెచ్చు విధానము కలదు. సుశ్రుత సంహితలో, భగ్నములను గూర్చిన చికిత్సాధ్యాయమున, దవడ కీలు తొలగినప్పుడు కాపడము పెట్టి, ఎముకను సరిచేసి, కట్టు కట్టవలెనని విధింపబడినది.

ఆధునిక కాలమున 1934లో అమెరికాకు చెందిన జేమ్స్ కాస్టెన్ అను చెవి, గొంతు వైద్యుడు 11 మంది రోగులను పరిశీలించి, వెనుక పళ్లు పోయి పళ్ల పొందిక చెడుటచేతనే చెవిలోను, తలలోను ఈ బాధలు కలుగుచున్నవని వ్రాసెను. ఆ వ్యాధికి ఆయన పేరే నిలిచినది. దానితో పళ్ల పొందికను మార్చుటయే చికిత్సయను అభిప్రాయము బలపడి, ఎందరికో మంచి పళ్లు అరగదీయబడెను. 1969లో డేనియల్ లాస్కిన్ అను వైద్యుడు, పళ్ల పొందికకన్న కండరముల అలసటయు, మనస్సునందలి ఒత్తిడియు ప్రధానమని ప్రతిపాదించెను. కారణ మొక్కటి కాదు, అనేకములు కూడి బాధ పుట్టించుననునది నేటి నిర్ణయము.

తొందరపాటు ఎంత చేటు తెచ్చునో తెలుపు ఘట్టమొకటి కలదు. 1980 దశకమున అమెరికాలో, చెడిన బిళ్ళను తొలగించి దాని స్థానమున టెఫ్లాన్ కలిసిన కృత్రిమమైన బిళ్ళలను అమర్చిరి. అవి నమలుట వలని ఒత్తిడికి తునకలై, చుట్టునున్న యెముకను గూడ తినివేసెను. 1990-91లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ కలుగజేసికొనగా అవి ఉపసంహరింపబడెను. అప్పటికే ఎందరో రోగులు మునుపటికంటె అధికమైన బాధపాలైరి. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు, మరల వెనుకకు మరల్చదగిన సున్నితమైన చికిత్సలనే మొదట అవలంబింపవలెనని సూచించినది. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శక సూత్రములును, దీర్ఘకాలిక బాధకు దవడ వ్యాయామములు, కండరముల మర్దనము, మనస్సును కుదుటపరచు శిక్షణ, రోగికి విషయమును బోధించుట అనువానికే ప్రాధాన్యమిచ్చెను.

ఇంటిలో చేసికొనదగినవి

మొదటి సూత్రము మిక్కిలి చిన్నది, ఖర్చు లేనిది: "పెదవులు కలిసి యుండవలెను, పళ్లు విడివడి యుండవలెను." దినములో పలుమార్లు దీనిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కుండలోని నీరు ముంచుకొనునప్పుడో, గుడి గంట విన్నప్పుడో, పుస్తకమున పుట త్రిప్పునప్పుడో పళ్లు బిగిసియున్నవేమో చూచుకొని వదులు చేసికొనుట అభ్యాసమగును.

రెండవది మెత్తని యాహారము. కీలు నొచ్చుచున్న రెండు మూడు వారములు పప్పన్నము, పెరుగన్నము, ఇడ్లీ, ఉప్మా, రాగిజావ, బాగుగా ఉడికిన కూరలు తినవలెను. చెరకు, తేగలు, వేయించిన శనగలు, గట్టి జంతికలు, ఎండుకొబ్బరి, మొక్కజొన్న పొత్తులు మానవలెను. జామ, మామిడి వంటి పండ్లను కొరికి తినుటకు బదులు చిన్న ముక్కలుగా కోసికొని తినవలెను. వక్కను పూర్తిగా విడుచుట అన్ని విధముల శ్రేయస్కరము.

మూడవది కాపడము. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను చర్మము ఓర్చుకొనునంత వేడితో చెంపపై 15 మొదలు 20 నిమిషములు ఉంచవలెను. క్రొత్తగా దెబ్బ తగిలి వాచినప్పుడు మాత్రము వేడి తగదు. గుడ్డలో చుట్టిన మంచు మేలు. కాపడము పిమ్మట వ్రేళ్లతో చెంప, కణత కండరములను మెల్లగా మర్దించుట సుఖము నిచ్చును.

నాలుగవది వ్యాయామము. నాలుక కొనను పైపళ్ల వెనుక అంగిటికి ఆనించి, అది అచటనే యుండునట్లుగా నోరు మెల్లగా తెరచి మూయవలెను. పర్యాయమునకు 6 మార్లు, దినమునకు 6 పర్యాయములు చాలును. నొప్పి హెచ్చినచో ఆపవలెను, బలవంతము కూడదు. ఆవులింత వచ్చినప్పుడు గడ్డము క్రింద పిడికిలి ఆనించినచో నోరు మితి మీరి తెరచుకొనదు. బోర్లపండుకొని దవడను దిండునకు అదిమి నిద్రించుట మానవలెను.

నొప్పి మాత్రలు వైద్యుని సలహాపై కొలది దినములు వాడవచ్చును. కడుపులో పుండు, మూత్రపిండముల వ్యాధి, గుండెజబ్బు గలవారు స్వయముగా కొని వాడరాదు. రాత్రి పళ్లు కొరుకువారికి దంతవైద్యులు కొలత తీసి పళ్లపై తొడుగు చేసి యిత్తురు. అది పళ్లు అరుగకుండ కాపాడును. కాని అది యొక్కటియే సర్వరోగ నివారిణి కాదు. పళ్లు అరగదీయుట, ఊడదీయుట, కీలుకు శస్త్రము చేయుట అను మాట వచ్చినప్పుడు, మరియొక వైద్యుని అభిప్రాయమును గూడ తెలిసికొనుట రోగి హక్కు. కాని నిజముగా పుచ్చిన పన్ను వేరు విషయము. దానికి చికిత్స ఆలస్యము చేయరాదు.

ఆలస్యము కూడని సందర్భములు

ఇంటి చికిత్సతో కాలము గడపరాని సందర్భములు కొన్ని కలవు. వీనిని ప్రతి కుటుంబము తెలిసికొనియుండుట అవసరము.

గాయమైన కొన్ని దినములకు దవడ బిగిసికొని, మెడ, వెన్ను కొయ్యబారుచున్నచో అది ధనుర్వాతము కావచ్చును. తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను. నడచునప్పుడు గాని, బరువు మోయునప్పుడు గాని దవడలోనికి నొప్పి ప్రాకి, ఛాతీలో బరువు, చెమట, ఆయాసము కలిగినచో అది గుండెకు సంబంధించినది కావచ్చును. 50 సంవత్సరములు దాటినవారికి నమలునప్పుడు దవడ నొప్పి, క్రొత్తగా కణత నొప్పి, చూపు మసకబారుట కలిసివచ్చినచో ఒక్కదినమైన ఆగరాదు. రక్తనాళపు వాపుచే చూపు పోవు ప్రమాదము కలదు. జ్వరముతో చెంప వాచి నోరు తెరువలేకపోయినచో పంటి మూలమున చీము చేరియుండవచ్చును.

వక్క, గుట్కా నములువారికి నోటి లోపలి చర్మము తెల్లబారి, గట్టిపడి, కారము తాళలేక, నోరు నానాటికి ముడుచుకొనిపోవును. ఇది కీలువ్యాధి కాదు. క్యాన్సరుకు దారితీయగల వేరొక వ్యాధి. కాపడములతో కాలము పుచ్చక, ఆ యలవాటును నేడే విడిచి, దంతవైద్యునికి నోరు చూపవలెను.

ఆవులించినప్పుడు తెరచిన నోరు మూతపడక నిలిచిపోయినచో కీలు తొలగినదని అర్థము. గాబరాపడి లాగుట, కొట్టుట తగదు. శిక్షణ గల వైద్యుడు క్రింది వెనుక పళ్లపై బొటనవ్రేళ్లు పెట్టి, దవడను క్రిందికి, వెనుకకు నొక్కి క్షణములో సరిచేయగలడు.

కడపటిది పిల్లల విషయము. చెట్టుమీదినుండియో, అరుగుమీదినుండియో గడ్డము తాకునట్లు పడిన బిడ్డకు గడ్డముపై గాటు మాత్రమే కనబడవచ్చును. కుట్లు వేయించి తల్లిదండ్రులు ఊరడిల్లుదురు. కాని ఆ దెబ్బ ఎముక వెంట పైకి ప్రాకి, చెవి ముందరి గుబ్బను విరిచియుండవచ్చును. అది గుర్తింపబడనిచో కొంతకాలమునకు గుబ్బయు గుంటయు అతుకుకొనిపోయి, నోరు తెరచుకొనకుండ పోవును. ఆ ప్రక్క దవడ ఎదుగుదల ఆగి ముఖము వంకరయగును. ముద్ద మ్రింగలేని బిడ్డ బలమెట్లు పొందును? కావున గడ్డముపై పడిన బిడ్డ నోరు మునుపటివలె తెరచుచున్నాడా, చెవి ముందర తాకిన నొచ్చునా, పళ్లు సరిగా కలియుచున్నవా యని చూడవలెను. సందేహమున్నచో ఎక్స్‌రే తీయించి, వైద్యుడు చెప్పిన ప్రకారము దవడను త్వరగా కదలించు వ్యాయామములు చేయింపవలెను. నాడు గంటసేపు శ్రమపడినచో నూరేండ్ల బ్రతుకు చక్కబడును.

ముగింపు

ఆ గృహిణి కథ మరియొక విధముగా నడువవచ్చును. చెవి ముందర నొప్పి తోచిననాడే ఆమె ఇరుగుపొరుగులో నొకరు "అమ్మా, పన్ను తీయించుకొనవద్దు; ముందు పళ్లు బిగించుట మానుము, పది దినములు మెత్తని యన్నము తినుము, కాపడము పెట్టుము, తగ్గకున్న వైద్యునికి చూపుము" అని చెప్పగలిగినచో, రెండు పళ్లును, కొంత ధనమును, ఎన్నియో నిద్రలేని రాత్రులును దక్కును. ఆ మాట చెప్పగల పొరుగువారిని తయారుచేయుటకే గ్రామమున గ్రంథాలయ మున్నది. బీరువాలోని పుస్తకము చదివినవాని నోటిమాటయై పదిమందికి చేరిననాడే అది సార్థకము.

సభ ముగిసి యిండ్లకు మరలునప్పుడు ఆ చిన్న సూత్రమొక్కటి వెంట తీసికొనిపోయినను ఈ ప్రసంగము ఫలించినట్లే: పెదవులు కలిసి యుండవలెను, పళ్లు విడివడి యుండవలెను.

స్వస్తి.